రెండుసార్లు పుట్టిన తోట

ఐర్లండ్‌లో కిల్డేర్ పట్టణం శివార్లలో, టల్లీ అనే చోట, గుర్రపుశాలల పక్కనే ఒక జపాన్ తోట ఉంది. ఏడవ ఎడ్వర్డ్ రాజు ఏలుబడిలో, 1906లో పని మొదలై 1910లో పూర్తయింది. 120 ఏళ్ల పండుగకు వస్తున్న ఈ సంచికలో దాని కథను గుర్రాల దగ్గర నుంచే ఎత్తుకోవాలి. తోటకు నేల అక్కడి నుంచే వచ్చింది.

లివర్‌పూల్‌లో బీరు వ్యాపారంతో గడించిన కుటుంబంలో పుట్టిన విలియం హాల్ వాకర్ 1900లో టల్లీలో భూమి కొన్నాడు. పందెపు గుర్రాలను పుట్టించి పెంచడం మీదే ఆయన ధ్యాస. ప్రతి గుర్రప్పిల్లకూ జాతకం వేసేవాడు. చంద్రుడి వెలుగు, నక్షత్రాల ప్రభావం సోకాలని శాలల కప్పులకు అద్దాలు పెట్టించాడు. బిడ్డ పుట్టిన గడియ రాసిపెట్టుకునే మన ఇళ్లకు ఆ పట్టింపు కొత్తగా అనిపించదు.

అప్పట్లో బ్రిటన్ సంపన్నులకు జపాన్ మీద మోజు బలంగా ఉండేది. 1902లో రెండు దేశాలకూ పొత్తు కుదరడంతో అది మరింత పెరిగింది. వాకర్ తస్సా ఈదా అనే జపాన్ తోట నిపుణుణ్ణి కుటుంబంతో సహా టల్లీకి రప్పించాడు. నాలుగేళ్లపాటు 40 మంది పనివాళ్లు చిత్తడి నేలతో కుస్తీ పట్టారు. మొక్కలు, బోన్సాయ్‌లు, రాతి లాంతర్లు జపాన్ నుంచి ఓడల్లో వచ్చాయి.

ఈదా వేసింది నిలబడి చూసే తోట కాదు, నడిచి తెలుసుకోవాల్సిన తోట. మనిషి పుట్టుక నుంచి చావు దాకా సాగే బాట అది. విస్మృతి ద్వారం దాటితే జనన గుహ. ఆ తర్వాత అజ్ఞానపు సొరంగం, దాన్నుంచి బయటపడితే విద్యా పర్వతం. దారులు చీలే చోట ఎటు పోవాలో నడిచేవాళ్లే తేల్చుకోవాలి. నిశ్చితార్థానికి ఒక వంతెన, పెళ్లికి ఒక వంతెన ఉన్నాయి. దంపతులు అలిగి విడిపోయి, మళ్లీ కలుసుకోవడానికి కూడా దారి వేసి ఉంది. ఆశల కొండ, జ్ఞాన బావి, ముసలితనపు కుర్చీ, శోకపు గుట్ట దాటాక అనంత ద్వారం. చిన్నప్పుడు వైకుంఠపాళి ఆడినవాళ్లకు ఈ దారి పరిచయమైనట్టే ఉంటుంది. కాకపోతే అక్కడ పందెం పడినట్టు పోవాలి, ఇక్కడ మనం ఎంచుకున్నట్టు పోవచ్చు. జపాన్ సంప్రదాయ తోటలు ఇంత విడమరిచి కథ చెప్పవు. ఇందులో పడమటి అభిరుచి బాగానే కలిసింది. అది లోపమని నేననుకోను. రెండు దేశాల మనుషులు కూడి చేసిన పనికి ఆ ఇద్దరి పోలికలూ రావడమే సహజం.

ఈదా కొడుకు పేరు మినోరు. 1906లో పుట్టిన ఒక గుర్రప్పిల్లకు వాకర్ ఆ పేరే పెట్టాడు. తర్వాత దాన్ని ఎడ్వర్డ్ రాజుకు కౌలుకిచ్చాడు. 1909 మే 26న ఎప్సమ్ డెర్బీ గుర్రపు పందెంలో మినోరు వెంట్రుకవాసిలో లూవియర్స్‌ను దాటి గెలిచింది. సింహాసనం మీద ఉన్న రాజుకు డెర్బీ దక్కడం అదే మొదటిసారి. మరుసటి మే నెలలోనే రాజు కన్నుమూశాడు. తోట వేసినవాడి బిడ్డ పేరు మాత్రం డెర్బీ విజేతల పట్టికలో నిలిచిపోయింది.

మన దేశానికీ టల్లీతో ఒక బంధముంది. అప్పటి మన దేశంలోని కరాచీలో పుట్టిన మూడవ ఆగాఖాన్‌ను పందెపు గుర్రాల పెంపకం వైపు ప్రోత్సహించింది వాకరే. టల్లీలో 1919లో పుట్టిన బ్లాండ్‌ఫర్డ్ అనే గుర్రం సంతానమే బ్లెనిమ్, బహ్రామ్. అవి 1930లో, 1935లో ఆగాఖాన్‌కు డెర్బీలు తెచ్చిపెట్టాయి.

అప్పటికి తోట పరిస్థితి వేరు. ఈదా కుటుంబం 1912లోనే వెళ్లిపోయింది. 1915లో వాకర్ తన గుర్రాలను బ్రిటిష్ ప్రభుత్వానికి ఇచ్చేశాడు. గుర్రాలను కనిపెట్టుకునేవాళ్లు ఉన్నారు గానీ తోట దిక్కులేనిదైంది. ఇలాంటి తోట ఆలనాపాలనా లేకుండా ఎక్కువ కాలం నిలవదు. కత్తిరింపు తప్పితే చెట్టు తీరు మారిపోతుంది, పొదలు బాటను కమ్మేస్తాయి, కాలువ పూడితే చెరువు మురిగిపోతుంది. బాట చెరిగిపోతే ఈ తోట చెప్పే కథే పోయినట్టు.

1943 చివర్లో స్థలం ఐర్లండ్ ప్రభుత్వం చేతికొచ్చింది. 1945లో చట్టం చేసి, మరుసటేడు ఐరిష్ నేషనల్ స్టడ్ కంపెనీకి అప్పగించారు. 1946లోనే పాట్రిక్ డూడీ అనే ఉద్యాన నిపుణుడు వచ్చి తోటను బాగుచేయడం మొదలుపెట్టాడు. ఈదా వెనక డబ్బున్న యజమాని ఉన్నాడు, కట్టేది కొత్త తోట కాబట్టి తనకు తోచినట్టు కట్టుకునే వీలుంది. డూడీ మరొకరి ఆలోచనను వెతికి పట్టుకుని, దానికి లోబడి పనిచేయాలి. ఆ పని మరింత కష్టమైనదని నా నమ్మకం. 1999లో పక్కనే తోటమాలుల రక్షకుడైన సెయింట్ ఫియాక్రా పేరున మరో తోట లేచిందంటే, ఆ సంస్థలో తోటపనికి దొరికిన గౌరవం 1946 నుంచి వచ్చిందే.

పండుగను 1906 నుంచి లెక్కిస్తున్నారు, సంతోషం. 1946 నుంచి లెక్కేసినా ఇది 80వ ఏడు. ఈ సంచికలో ఈదాకు ఎంత చోటిస్తారో డూడీకీ అంత చోటివ్వమని సంపాదకులను కోరుతున్నాను.