శస్త్రచికిత్స మర్నాటి జ్వరం

హెర్నియాకో, పిత్తాశయంలో రాళ్ళకో ముందుగా తేదీ నిర్ణయించుకుని ఆపరేషన్ చేయించుకున్న మనిషికి మర్నాటి సాయంత్రం ఒళ్ళు వెచ్చబడుతుంది. థర్మామీటరు 38 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కుట్లు చీము పట్టాయేమోనని ఇంటివాళ్ళు కంగారుపడతారు. ఈ భయానికి పెద్ద చరిత్రే ఉంది.

19వ శతాబ్దం మధ్య వరకు ఆపరేషన్ గాయం చీము పట్టడం మామూలు సంగతి. చిక్కని తెల్లని చీమును శుభసూచనగా భావించిన వైద్యులు కూడా ఉండేవారు. 1865 ఆగస్టులో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి ఒక పదకొండేళ్ళ బాలుడు వచ్చాడు. బండి చక్రం ఎక్కి అతని కాలి ఎముక విరిగింది, చర్మం చీలింది. జోసెఫ్ లిస్టర్ ఆ గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు కట్టాడు. చీము పట్టలేదు, ఎముక అతుక్కుంది. 1867లో లిస్టర్ తన పద్ధతిని ప్రకటించాడు. ఆ మరుసటి ఏడాది లైప్‌జిగ్‌లో కార్ల్ వుండర్‌లిఖ్ వేలాది రోగుల ఉష్ణోగ్రతలను పరిశీలించి ఒక గ్రంథం వెలువరించాడు. క్రిమిసంహారక పద్ధతి, థర్మామీటరు దాదాపు ఒకే కాలంలో ఆసుపత్రుల్లోకి రావడంతో ఒక వింత బయటపడింది.

జర్మనీలోని హాలే నగరంలో లిస్టర్ పద్ధతిని పాటించిన రిచర్డ్ ఫోన్ ఫోల్క్‌మన్, ఆయన సహచరుడు గెంజ్‌మర్ 1877లో ఆ వింతను వివరించారు. గాయం శుభ్రంగా మానుతున్న రోగులకు కూడా తొలి రోజుల్లో జ్వరం వస్తోంది! దానికి వారు 'అసెప్టిక్ జ్వరం' అని పేరు పెట్టారు. సూక్ష్మజీవులు లేకుండా జ్వరం ఎలా వస్తుంది?

20వ శతాబ్దంలో అనుమానం ఊపిరితిత్తుల మీదకు మళ్ళింది. మత్తు వల్ల, నొప్పి వల్ల రోగి నిండుగా ఊపిరి తీయలేడు. అప్పుడు ఊపిరితిత్తుల్లో కొన్ని గాలి గదులు ముడుచుకుపోతాయి. దీన్ని అటెలెక్టాసిస్ అంటారు. తొలి జ్వరానికి ఇదే కారణమని తరతరాల వైద్య విద్యార్థులు వల్లె వేశారు. అయితే 1995లో వెలువడిన ఒక పరిశీలనలో, గుండె ఆపరేషన్ జరిగిన 100 మందికి రోజూ ఎక్స్‌రేలు తీసి చూశారు. రోజులు గడిచేకొద్దీ అటెలెక్టాసిస్ ఉన్నవారు పెరిగారు, జ్వరం ఉన్నవారు తగ్గారు. రెండింటికీ పొంతన కుదరలేదు.

అసలు జవాబుకు దారి 1948లోనే పడింది. కుందేళ్ళ తెల్ల రక్తకణాల నుంచి తీసిన ఒక పదార్థం జ్వరం తెప్పిస్తుందని అమెరికా వైద్యుడు పాల్ బీసన్ చూపాడు. తర్వాతి దశాబ్దాల్లో ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ప్రొటీన్లు వెలుగులోకి వచ్చాయి. కత్తి కోసిన చోట దెబ్బతిన్న కణజాలం వీటి విడుదలకు కారణమవుతుంది. వీటి ప్రభావంతో మెదడులోని హైపోథాలమస్ వద్ద ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తయారవుతుంది. ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్ బిళ్ళను కాస్త తిప్పినట్లుగా, శరీర ఉష్ణోగ్రత స్థాయి పైకి జరుగుతుంది. కోత పెద్దదైతే ఇంటర్‌ల్యూకిన్-6 కూడా ఎక్కువగా పెరుగుతుంది. ఈ జ్వరం సాధారణంగా రెండు మూడు రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది.

అలాగని ప్రతి జ్వరాన్నీ తేలిగ్గా తీసుకోరాదు. స్ట్రెప్టోకాకస్, క్లాస్ట్రీడియం జాతి బాక్టీరియాలలో కొన్ని మొదటి రెండు రోజుల్లోనే గాయాన్ని ప్రమాదకరంగా మార్చగలవు. ఎక్కించిన రక్తం పడకపోయినా, మందు వికటించినా జ్వరం రావచ్చు. మూడో రోజు తర్వాత మొదలైన జ్వరమైతే మూత్రనాళం, ఊపిరితిత్తులు, గాయం, కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం – వీటన్నిటినీ అనుమానించాలి.

అందుకే మంచి వైద్యుడు ముందు రోగి మంచం దగ్గరకు వెళ్ళి, కట్టు విప్పి చూసి, నాడి పట్టి, ఆ తర్వాతే మందు రాస్తాడు. అవసరం లేని యాంటీబయాటిక్ ఈ రోగికి మేలు చేయదు. పైగా మందులకు లొంగని బాక్టీరియాను పెంచి రేపటి రోగికి కీడు చేస్తుంది. ఫోల్క్‌మన్ గమనించిన వింత నేటికీ నేర్పే పాఠం ఇదే: జ్వరం రోగం కాదు, అది ఒక కబురు. ఎవరు పంపారో తెలుసుకున్నాకే జవాబు రాయాలి.