అమెరికా పొలం కుంటలు, బ్లూగిల్ వేట

అమెరికా దక్షిణాది, మధ్య పశ్చిమ రాష్ట్రాల పొలాల్లో కనిపించే చిన్న కుంటల్లో ఎక్కువ భాగం గత తొంభై ఏళ్లలో కట్టినవే. పశువులకు నీళ్లు దొరకాలని, వానకు మట్టి కొట్టుకుపోకూడదని వాటిని కట్టారు. చేపల ఆలోచన తర్వాత వచ్చింది. అరచేతంత బ్లూగిల్‌ను తేలికపాటి కర్రతో, ఈకలు కట్టిన నకిలీ పురుగును ఆశ చూపి పట్టే అలవాటు ఆ కుంటల్లో ఇంకా తర్వాత స్థిరపడింది. చేప మొత్తం పెనంలో పడుతుంది కాబట్టి బ్లూగిల్‌నూ దాని దగ్గరి జాతులనూ అక్కడ పాన్‌ఫిష్ అంటారు.

ఇలా నకిలీ పురుగుతో పట్టే ఫ్లై ఫిషింగ్ అనగానే గుర్తొచ్చేది ఇంగ్లండ్‌లోని ట్రౌట్ సెలయేళ్లు, వాటి ఒడ్డున భూములున్న దొరలు. అమెరికా రైతు కుంటలోకి ఈ వేట వచ్చిన కథలో దొరల పాత్ర తక్కువ. అది మొదలయ్యేది నేల కోతతో.

ఏళ్ల తరబడి పత్తి, మొక్కజొన్న వేసిన దక్షిణాది ఎర్రనేలలు 1930ల నాటికి గండ్లు పడిపోయాయి. పశ్చిమాన మైదానాల మట్టి దుమ్ముగా లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14 నాటి ధూళి తుపాను వచ్చిన ఆదివారానికి ‘బ్లాక్ సండే’ అనే పేరు మిగిలింది. అదే నెల 27న భూసంరక్షణ చట్టం వచ్చింది. దాని వెంట ఏర్పడిన సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్‌కు అధిపతి హ్యూ హామండ్ బెన్నెట్, నార్త్ కరోలినాలో పత్తి పొలాల మధ్య పెరిగిన మనిషి. ఆ శాఖ ఇంజినీర్లు రైతులకు కుంటల నమూనాలు గీసి ఇచ్చారు: చిన్న లోయకు అడ్డంగా మట్టికట్ట, అడుగున తూము, పక్కన గడ్డి పెంచిన అలుగు. 1980 నాటికి దేశంలో ఇలాంటివి 21 లక్షలకు పైగా లేచాయని వ్యవసాయ శాఖ లెక్క.

నీళ్లు నిలిచాక చేపలు వేయకుండా ఎవరూ ఊరుకోలేదు. అయితే రెండు మూడేళ్లు తిరిగేసరికి చాలా కుంటల్లో వేలెడు చేపలే మిగిలేవి. ఈ చిక్కును పట్టించుకున్నవాడు హోమర్ స్వింగిల్. అలబామాలో నేటి ఆబర్న్ విశ్వవిద్యాలయానికి ఆయన కీటక శాస్త్రవేత్తగా వచ్చి, 1930ల నుంచి కుంటల మీద పడ్డాడు. ఆయన పద్ధతిలో నాజూకు ఏమీ లేదు. కుంటను పూర్తిగా ఖాళీ చేయడం, దొరికిన చేపలన్నిటినీ జాతుల వారీగా తూయడం, మళ్లీ నింపడం. ఎన్నో కుంటలను ఇలా తూచాక తేలింది ఇది: బ్లూగిల్ ఒక్క వేసవిలోనే పలుమార్లు గుడ్లు పెడుతుంది. పిల్లలను తినే వేటచేప లేకపోతే మేత అందరికీ చాలక అన్నీ గిడసబారిపోతాయి. అందుకే లార్జ్‌మౌత్ బాస్‌ను తోడు వేయాలి. సుమారు పది బ్లూగిల్ పిల్లలకు ఒక బాస్ పిల్ల అన్న నిష్పత్తి రైతుల దాకా చేరింది. ఎరచేపల మొత్తం బరువు వేటచేపల బరువుకు 3 నుంచి 6 రెట్లు ఉంటే కుంట సమతూకంలో ఉన్నట్టు ఆయన లెక్క. నీటికి ఎరువు వేస్తే సూక్ష్మ నాచు పెరిగి, దాన్ని తినే పురుగులు పెరిగి, చేపల దిగుబడి కూడా పెరుగుతుందని చూపించాడు.

ఈ లెక్కలో గాలం వేసేవాడికీ ఒక పని ఉంది. బ్లూగిల్‌ను ఏటా బాగా పట్టి తీసేయాలి, బాస్‌ను మొదట్లోనే ఖాళీ చేయకూడదు. పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదలడమే మర్యాద అనుకునే ట్రౌట్ వేటగాళ్లకు ఇది తలకిందుల నీతి. ఇక్కడ బుట్ట నింపుకుని ఇంటికెళ్లడమే కుంటకు మేలు.

దక్షిణాదిలో బీద తెల్లవాళ్లూ నల్లజాతి కౌలుదార్లూ నాటు వెదురు కర్ర, వానపాము, బెండుతో ఈ చేపల్ని ఎప్పటినుంచో పట్టి వండుకుంటున్నారు. ఫ్లై కర్రను అక్కడి వెచ్చని నీళ్లకు తగ్గట్టు మార్చినవాళ్లలో టెనెసీలోని చాటనూగాకు చెందిన ఎర్నెస్ట్ పెకిన్‌పా పేరు ముందు వస్తుంది. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఆయన గాలానికి బెండు ముక్క తొడిగి, ఈకలు కట్టి, నీటి మీద తేలే పురుగులు చేసి అమ్మాడు. వీటి వారసులే పాపర్లు. ముందు భాగం పల్లంగా ఉంటుంది కాబట్టి తాడును చిన్నగా లాగితే టప్పుమని చప్పుడవుతుంది. బ్లూగిల్ నోరు చిన్నది కాబట్టి దానికి వాడే పాపర్ చిటికెన వేలి గోరును మించదు.

ఇంత తేలిక ఎరను విసరడానికి తాడు బరువే ఆధారం. పాత పట్టు తాళ్లను వాడాక ఆరబెట్టాలి, తేలడానికి జిడ్డు రాయాలి. పొలం పని ముగించుకుని సాయంత్రం ఓ గంట కుంట దగ్గర నిలబడేవాడికి అంత ఓపిక ఎక్కడిది? 1950లలో ప్లాస్టిక్ పూత తాళ్లు రావడంతో ఆ బెడద పోయింది. కర్రలదీ అదే దారి. మేలైనవి చైనా వెదురును చీల్చి అతికినవి, ఖరీదైనవి. 1940లలో షేక్‌స్పియర్ కంపెనీ కోసం ఆర్థర్ హోవాల్డ్ ఫైబర్‌గ్లాస్ కర్రను రూపొందించాడు. 1950లో చైనా సరుకుపై అమెరికా నిషేధం పెట్టడంతో వెదురు దిగుమతి ఆగి, ఫైబర్‌గ్లాస్‌కు పోటీ తగ్గింది.

బ్లూగిల్ సంతాన శక్తి అన్నిచోట్లా కలిసిరాలేదు. 1960లో షికాగో మేయర్ జపాన్ యువరాజు అకిహిటోకు ఈ చేపల్ని బహూకరించారు. పెంపకం కోసం తీసుకెళ్లినవి బయటి నీళ్లలోకి చేరి, బివా సరస్సు దేశీ చేపలకు ముప్పయ్యాయి. 2007లో ఆయన, అప్పటికి చక్రవర్తి, దీనికి బహిరంగంగా విచారం తెలిపారు.

స్వింగిల్ లెక్కకు తర్వాతి తరం శాస్త్రవేత్తలు ఒక సవరణ చేర్చారు. ఆయన చేపల్ని ప్రధానంగా బరువుగా చూశాడు. వీళ్లు వాటి నడవడి చూశారు. పెద్ద మగచేపలు వేసవి మొదట్లో లోతు తక్కువ నీటి అడుగున తోకతో గుంటలు చేసి, గుడ్లకు కాపలా కాస్తాయి. అప్పుడు ఏ ఎర వేసినా మీదికొస్తాయి కాబట్టి తేలిగ్గా చిక్కుతాయి. అవి తగ్గిపోతే చిన్న మగచేపలు ఎదగకముందే గుడ్ల పనిలో పడి, అక్కడే ఎదుగుదల ఆపేస్తాయి. అందుకే ఇప్పుడు చాలామంది కుంట యజమానులు మధ్యరకం చేపల్ని పెనానికి తీసుకుని, గూటి మీదున్న పెద్ద మగవాటిని వదిలేస్తున్నారు.