ఆదిలాబాద్ అమావాస్య రాత్రులు, కెమెరా వెలుతురు

గోండు ఆదివాసుల పండుగల కాలమానాన్ని గమనిస్తే, ఆదిలాబాద్ అడవుల్లో తొలినాటి ఫోటోగ్రఫీ పగటి వెలుతురుకు ఎందుకు కట్టుబడిందో అర్థమవుతుంది. దండారి నృత్య బృందాలు ఆశ్వయుజ పౌర్ణమి తర్వాత బయలుదేరి దీపావళి అమావాస్య వరకు ఊరూరా తిరుగుతాయి; కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు సర్పదేవత నాగోబాకు జరిపే మహాపూజ పుష్య అమావాస్య రాత్రి జరుగుతుంది. ఆరాధన గాఢమయ్యే వేళకు ఆకాశంలో వెన్నెల ఉండదు. ఒకప్పుడు నూనెదీపమూ నెగడూ మాత్రమే వెలుతురు.

నిజాం పాలనపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో పోరులో మరణించాక, ఆదివాసుల స్థితిగతుల అధ్యయనాన్ని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించగా, ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో నివసించి, గోండుల పురాణగాథలను, పూజావిధులను వివరించే ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ను 1948లో వెలువరించారు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. అమూల్యమైన ఆ సంపదను చూసేటప్పుడు నాటి పరికరాల హద్దును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఫిల్ము వెలుతురుకు ఎంత త్వరగా స్పందిస్తుందో తెలిపే కొలతను నేడు ఐఎస్ఓ అంటారు. ఐఎస్ఓ 100 ఫిల్ముతో, ఎఫ్/2 వరకు తెరుచుకునే (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువగా తెరుచుకుంటుంది) మంచి లెన్సుతో నెగడు పక్కనున్న మనిషిని తీయాలంటే షట్టరు సుమారు పావు సెకను తెరిచి ఉండాలి; ఆ వ్యవధిలో దండారి బృందంలోని గుస్సాడీ నర్తకుడు ఒక అడుగు వేసేస్తాడు, చిత్రం చెదిరిపోతుంది. ఒక్కసారి మెరిసి మాడిపోయే ఫ్లాష్ బల్బులు 1929 నాటికే వచ్చినా, వాటి తీక్ష్ణకాంతి నెగడు పరిచిన నీడలను చెరిపివేసి, రాత్రికి ఉన్న స్వభావాన్నే మార్చేస్తుంది.

1954లో వెలుతురుకు మరింత త్వరగా స్పందించే కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్ము 35 మిల్లీమీటర్ల కెమెరాలకు అందడం కొంత ఊరట. అసలు మలుపు 2007లో వచ్చిన నికాన్ డీ3 వంటి ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలతో, అంటే 36×24 మిల్లీమీటర్ల సెన్సారు గలవాటితో వచ్చింది. ఐఎస్ఓ 6400 అంటే 64 రెట్ల స్పందన, దానికి ఎఫ్/1.4 లెన్సు జతపడితే వెలుతురు మరో రెండింతలై, పావు సెకను కాస్తా దాదాపు 1/500 సెకనుకు తగ్గుతుంది.

అయితే లెన్సును పూర్తిగా తెరవడం ప్రతిసారీ లాభం కాదు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఎఫ్/1.4 వద్ద రెండు మీటర్ల దూరంలో స్పష్టత సుమారు 13 సెంటీమీటర్ల లోతుకే పరిమితం కాబట్టి, నర్తకుడి కన్ను కుదిరితే తలపై నెమలి ఈకలు మసకబారవచ్చు. అందుకే నృత్యానికి ఎఫ్/2.8 దగ్గర ఆగి, మిగతా భారాన్ని మంచి సెన్సారుపై వేయడం మేలు. కదలిక తక్కువగా ఉండే పూజలో పాత కెమెరాకైనా ఎఫ్/1.8 లెన్సు చాలు. రెండుచోట్లా, రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్సును కెమెరా ఇష్టానికి వదలకూడదు. వదిలితే మంట ఎరుపును లోపంగా భావించి అది తగ్గించేస్తుంది.