వారం ఇచ్చిన ఇళ్ళు

రెండేళ్ళ క్రితం మా ఆఫీసు క్యాంటీన్‌లో పనిచేసే ఒకావిడ తన కూతురు కాలేజీలో చేరిందని అందరికీ తీపి రొట్టెలు పంచింది. వాళ్ళది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఏ కాలేజీ అని అడిగితే "డి ఆంజా" అంది.

సన్నీవేల్‌లో నేను పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. పక్కనే ఉన్న కూపర్టినోలోని డి ఆంజా కాలేజీ ముందునుంచి కొన్ని వందలసార్లు వెళ్ళి ఉంటాను. అక్కడి ఫ్లింట్ సెంటర్ 2019లో మూతపడేదాకా సంగీత కార్యక్రమాలకి వెళ్ళేవాళ్ళం. 1984లో స్టీవ్ జాబ్స్ మాకింటోష్‌ను లోకానికి చూపించింది ఆ హాల్లోనే అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాణ్ణి. అంతకుమించి ఆ కాలేజీ గురించి నాకేమీ తెలియదు.

తర్వాత ఒకరోజు ఆ అమ్మాయే చెప్పింది. ఇ.ఓ.పి.ఎస్. అని ఒక పథకం ఉందట. పేద కుటుంబాల నుంచి వచ్చి, చదువులో కొంత వెనకబడ్డ పిల్లలకోసం. పుస్తకాలకి వోచర్ ఇస్తారు, క్లాసులు ఎంచుకోవడంలో ముందు అవకాశం ఇస్తారు. కానీ ఒక షరతు: ప్రతి క్వార్టర్‌లో మూడుసార్లు కౌన్సిలర్‌ని కలవాలి. "నేను ఒకసారి వెళ్ళకపోతే ఫోన్ చేశారు, ఏమైంది, ఎందుకు రాలేదు అని" అంది నవ్వుతూ.

ఆ రాత్రి నాకు ఇద్దరు మనుషులు గుర్తొచ్చారు. ఒకరు మా తాతగారు. రెండోవాడు నా ఇంజనీరింగ్ రూమ్మేటు.

ఏడు రోజులు, ఆరిళ్ళు

మా తాతగారు 1930లలో రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నారు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకి ఈ మాట తెలియదు కాబట్టి చెబుతున్నాను. పల్లెటూరి నుంచి చదువుకోసం పట్నం వచ్చిన పేద కుర్రవాడికి సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు, ఇలా రోజుకొకరు భోజనం పెట్టేవారు. దాన్నే "వారం ఇవ్వడం" అనేవారు. తాతగారికి ఆరిళ్ళు దొరికాయి. గురువారం దొరకలేదు. ఆరు నెలలపాటు ప్రతి గురువారం నానబెట్టిన అటుకులే భోజనం. "గురువారం లెక్కల పరీక్ష పడకుండా ఉంటే చాలురా అనుకునేవాణ్ణి" అనేవారు.

కానీ ఆయన ఎక్కువగా తలుచుకున్నది అన్నాన్ని కాదు, శనివారం ఇంటి ఇల్లాలిని. ఆవిడకి చదువు రాదు. అయినా విస్తరి ముందు కూర్చోగానే "ఈ వారం ఏం చెప్పారు నాయనా, మార్కులెన్ని?" అని అడిగేదట. ఒక శనివారం ఆయన జ్వరంతో రాలేకపోతే సాయంత్రానికల్లా పెద్దకొడుకుని గదికి పంపింది, "ఏమైంది, ఎందుకు రాలేదు" అని.

డెబ్భై అయిదేళ్ళు దాటాక కూడా ఆ మాట చెబుతుంటే తాతగారి కళ్ళు చెమర్చేవి.

అయితే ఈ కథలో ఒక ముల్లుంది. అది దాచిపెడితే చరిత్ర రాసినట్టు కాదు. ఆ వంటిళ్ళ గడప దాటాలంటే ఫలానా కులంలో పుట్టి ఉండాలి. అదే రాజమండ్రిలో, అంతే తెలివైన, అంతే ఆకలితో ఉన్న మరో కుర్రవాడికి ఏడు రోజులూ గురువారాలే.

హాస్టళ్ళు వచ్చిన కాలం

ఆ గడపల్ని దాటడానికి మనవాళ్ళు చేసిన ప్రయత్నాల చరిత్ర పెద్దదే. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకి 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఆడపిల్లలనీ, అంటరానివారని దూరం పెట్టిన పిల్లలనీ దగ్గరికి తీసి చదివించారు. జీతంలో పెద్దభాగం పేద విద్యార్థులకే ఖర్చుపెట్టేవారని ఆయన గురించి చెప్పుకుంటారు. నిజాం రాజ్యంలో తెలుగు పిల్లలు చదువుకోసం హైదరాబాదు వస్తే తలదాచుకునే చోటుండేది కాదు. 1918లో రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి గారి పూనికతో రెడ్డి హాస్టల్ మొదలైంది. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు దాని బాధ్యతలు చూశారు. ఆ తర్వాత ఎవరి కులానికి వారు హాస్టళ్ళు కట్టుకున్నారు. ఆ గదుల్లో కూర్చుని చదివినవాళ్ళే లాయర్లు, డాక్టర్లు, ఉద్యమకారులు అయ్యారు. కానీ అవి కూడా ఎక్కువగా, కట్టుకోగల స్తోమత ఉన్నవారి పిల్లలకే.

స్తోమత లేనివారి సంగతి ఎలా ఉండేదో అంబేద్కర్ గారి జీవితమే చెబుతుంది. 1913లో బరోడా మహారాజా ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన న్యూయార్క్ వచ్చి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కణ్ణుంచి లండన్ వెళ్ళారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు మధ్యలో ఆపి ఇండియా తిరిగి రావలసి వచ్చింది. సొంతంగా కొంత కూడబెట్టి, కొల్హాపూర్ సాహు మహారాజ్ సాయం కూడా తీసుకుని, 1920లో మళ్ళీ లండన్ వెళ్ళి 1923కి డి.ఎస్‌సి. పూర్తిచేశారు. అంతటి మేధావికే మధ్యలో డబ్బు ఆగితే మూడేళ్ళు పోయాయి. మామూలు కుర్రవాడైతే తిరిగి వెళ్ళేవాడా?

ఆ దెబ్బ తిన్న మనిషి కాబట్టేనేమో, ఆయన వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న 1944లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. మనలో చాలామంది స్నేహితులు "స్కాలర్‌షిప్ వచ్చిందా?" అని కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర ఎదురుచూసింది దానికోసమే.

తర్వాతి కథ మన తరానికి తెలిసిందే. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో, పి.వి. నరసింహారావు గారి హయాంలో, తొలి గురుకుల పాఠశాల వచ్చింది. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు ఆ పనితో ముడిపడి ఉంది. అలాంటి గురుకులంలో చదువుతున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే, ఎవరెస్టు ఎక్కింది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు మొదలై, పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లల్ని ఆరేళ్ళు అక్కడే ఉంచి ఇంజనీరింగ్ పూర్తి చేయించే ఏర్పాటు చేశాయి. ఆ ఆరేళ్ళు అన్నది ముఖ్యం. సీటిచ్చి చేతులు దులుపుకోవడం కాదు.

నా రూమ్మేటు

1998లో నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. నా రూమ్మేటు సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి చదువుకుని, తెలుగు మీడియంలో ఇంటర్ పాసై, ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్నవాడు. లెక్కల్లో నాకంటే చురుకు. ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక రాత్రిళ్ళు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాడు. మొదటి సంవత్సరంలో రెండు సబ్జెక్టులు పోయాయి. స్కాలర్‌షిప్ డబ్బు రావడం ఆలస్యమైంది. మెస్ బకాయి పద్దెనిమిది వందల రూపాయలని నోటీసు బోర్డులో పేరు పెట్టారు. అప్పటి లెక్కన నలభై మూడు డాలర్లు. సన్నీవేల్‌లో మనం నలుగురం హోటల్‌కి వెళితే అయ్యే బిల్లు కాదు అది.

ఆ నోటీసు నేను చూశాను. వాడు చూడటం కూడా చూశాను. ఏమంటే బాగుంటుందో తెలియక ఏమీ అనలేదు. మా నాన్నగారు పంపిన డి.డి. అప్పుడు నా పెట్టెలోనే ఉంది. సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళినవాడు తిరిగి రాలేదు. వస్తాడులే అనుకున్నాను. నెల తర్వాత ఆ మంచం మరొకరికిచ్చారు. వాడు ఎందుకు రాలేదని కాలేజీవాళ్ళు అడగలేదు, హాస్టల్‌వాళ్ళు అడగలేదు. పక్క మంచం మీద పడుకున్న నేనూ ఉత్తరం ముక్క రాయలేదు. చాలా ఏళ్ళ తర్వాత వాడు ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నాడని విన్నాను.

మా తాతగారు ఒక్క శనివారం రాకపోతే మనిషిని పంపిన ఇల్లాలు ఉంది. నా రూమ్మేటు రాకపోతే కబురు పంపాల్సినవాణ్ణి నేనే.

అమెరికా నేర్చుకున్న పాఠం

ఇంత డబ్బున్న అమెరికాకి కూడా ఈ సంగతి ఒక్కరోజులో తెలియలేదు. 1960లో కాలిఫోర్నియా ఉన్నత విద్యకి మాస్టర్ ప్లాన్ వేసింది. చదువుకోగలిగిన ఎవరైనా కమ్యూనిటీ కాలేజీలో చేరవచ్చు అంది. డి ఆంజా ఆ ఊపులోనే 1967లో తెరుచుకుంది. తలుపు తీశారు సరే, లోపలికి వచ్చిన పేదపిల్లలు మధ్యలోనే వెళ్ళిపోతుంటే ఏం చేయాలి? 1969లో మన శాన్ హోసే సెనేటర్ ఆల్‌ఫ్రెడ్ ఆల్‌క్విస్ట్ తెచ్చిన బిల్లుతో ఇ.ఓ.పి.ఎస్. పుట్టింది. ఆ అమ్మాయికి వచ్చిన ఫోను వెనక అంత చరిత్ర ఉంది.

దేశం మొత్తం మీద కూడా అదే కాలం. ప్రెసిడెంట్ జాన్సన్ కాలేజీలో ఉన్నప్పుడు టెక్సాస్‌లోని కొటుల్లా అనే ఊళ్ళో పేద మెక్సికన్ పిల్లలకి పాఠాలు చెప్పాడు. 1965లో ఉన్నత విద్యా చట్టం మీద తను చదివిన కాలేజీలోనే సంతకం చేశాడు. 1964 నుంచి 1968 లోపల అప్‌వర్డ్ బౌండ్, టాలెంట్ సెర్చ్, స్టూడెంట్ సపోర్ట్ సర్వీసెస్ అనే మూడు పథకాలు వచ్చాయి. మూడు కాబట్టి "ట్రయో" అని పేరు పడింది. మొదటి రెండూ కాలేజీ దాకా చేర్చడానికి, మూడోది పూర్తి చేయించడానికి. 1981లో మనకి దగ్గర్లోని హేవర్డ్‌లో షాబో కాలేజీలో మొదలైన "పుయెంటె"కి స్పానిష్‌లో వంతెన అని అర్థం. ఒక టీచరు, ఒక కౌన్సిలరు, ఊళ్ళోంచి ఒక పెద్దమనిషి, ముగ్గురూ కలిసి విద్యార్థిని దాటిస్తారు.

ఇంజనీర్లం కదా, లెక్క చూపిస్తేగాని నమ్మం. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో 2007లో ఏ.ఎస్.ఏ.పి. అని ఒక కార్యక్రమం పెట్టారు. ఫీజులో తక్కువపడింది వాళ్ళే కడతారు, బస్సు పాస్ ఇస్తారు, పుస్తకాలకి సాయం చేస్తారు, సలహాదారు తరచుగా కలుస్తాడు. లాటరీ పద్ధతిలో కొందరిని ఇందులో చేర్చి, కొందరిని మామూలుగా వదిలి పోల్చి చూశారు. మూడేళ్ళలో మామూలు విద్యార్థుల్లో నూటికి 22 మంది పట్టా పుచ్చుకుంటే, ఇందులో ఉన్నవారు 40 మంది. పాఠాలు అవే, పంతుళ్ళూ వాళ్ళే. తేడా అల్లా బస్సు పాసు, పుస్తకం, "ఎందుకు రాలేదు" అని అడిగే మనిషి.

మనం ఇవ్వగల వారం

మన సంఘాలు, మన ఫౌండేషన్లు ఏటా ఎన్నో స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాయి. ఈ సిలికాన్ వ్యాలీలోనే 1994లో ప్రభు గోయల్, పూనమ్ గోయల్ దంపతులు ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్ పెట్టి, ఇండియాలో పేద కుటుంబాల పిల్లల్ని ఇంజనీరింగ్, వైద్యం చదివిస్తున్నారు. వేదిక మీద పెద్ద చెక్కు పట్టుకుని ఫోటో దిగడాన్ని నేను ఎగతాళి చేయను. ఆ చెక్కు లేకపోతే ఏదీ మొదలవదు. నా మనవి ఒక్కటే: మొదటి సంవత్సరం చెక్కుతో ఆపకండి. ఎంతమందికి సీటు ఇప్పించామన్న లెక్కతోపాటు ఎంతమంది పట్టా తీసుకున్నారన్న లెక్క కూడా వచ్చే మహాసభల సంచికలో వేద్దాం. మెస్ బకాయి, పరీక్ష ఫీజు లాంటి చిన్న అవసరాలకి అడిగిన వారంలోనే అందే చిన్న నిధి ఒకటి పెడదాం. అన్నిటికంటే ముందు, ఒక్కో విద్యార్థికి ఒక్కో మనిషిని చూపిద్దాం. వేసవిలో సన్నీవేల్‌లో రాత్రి తొమ్మిదైతే విజయవాడలో మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర. ఫోను చేయడానికి అంతకంటే మంచి వేళ ఏముంది?

నేను ఆరేళ్ళ క్రితం ఇద్దరితో మొదలుపెట్టాను. గురువారం రాత్రి ఫోన్ చేస్తాను. ఆ అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగంలో చేరింది. అబ్బాయి మూడో సంవత్సరంలో మానేశాడు. తండ్రికి పక్షవాతం వచ్చింది, ఇంటికి సంపాదించేవాడు కావాలి. నేనేదో గెలిచానని చెప్పడానికి ఇది రాయడం లేదు. కానీ ఈసారి ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఇప్పటికీ గురువారం ఫోన్ చేస్తూనే ఉన్నాను. తప్పిన సబ్జెక్టులు రెండే ఉన్నాయి, కట్టేద్దువుగాని అంటున్నాను. మొన్న మొదటిసారి "చూద్దాం సార్" అన్నాడు.

మహాసభల మూడు రోజులూ మనకి షడ్రసోపేతమైన భోజనాలే. విస్తరి ముందు కూర్చున్నప్పుడు మీరు చదువుకున్న ఊరిని ఒక్కసారి తలుచుకోండి. అక్కడ ఇప్పుడు కూడా ఆరిళ్ళు దొరికి ఏడో ఇల్లు దొరకని పిల్లలు ఉన్నారు. ఏ కులమని అడగకుండా, వాళ్ళలో ఒకరికి ఒక వారం ఇవ్వండి.