పడవ ఇంట్లోకొచ్చే ఊరు

చైనాలో సూజౌ దగ్గరున్న జౌజ్వాంగ్‌లో చాలా ఇళ్లకు ముందు వీధి, వెనక కాలువ. ఒకప్పుడు బియ్యం, పట్టు అన్నీ నీటి మీదే వచ్చిపోయేవి.

అందుకే పెరటి గుమ్మం నుంచి రాతిమెట్లు నేరుగా కాలువలోకి దిగుతాయి. బట్టలుతకడం, కూరగాయలు కడగడం, సరుకు దించడం అన్నీ అక్కడే జరిగేవి. పడవ తాళ్లు కట్టుకోవడానికి గట్టు గోడల్లో చిల్లులు చెక్కిన రాళ్లు పొదిగారు. మింగ్ రాజవంశ కాలపు ఝాంగ్ వారి ఇంట్లోనైతే కాలువ లోపలి నుంచే పారుతుంది. పడవ తిప్పుకోవడానికి చిన్న కొలనూ ఉంది. 1742లో కట్టిన షెన్ వారి భవనంలో సుమారు 100 గదులు.

రెండు కాలువలు కలిసేచోట జంట వంతెనలున్నాయి. ఒకదాని కింద గుండ్రటి కమాను, రెండోదాని కింద చదరపు దారి. చిత్రకారుడు చెన్ యీఫే గీసిన వీటి బొమ్మను అమెరికన్ వ్యాపారి ఆర్మండ్ హామర్ కొని, 1984లో చైనా నేత డెంగ్ షియావోపింగ్‌కు బహూకరించాడు. దాంతో ఊరి పేరు మారుమోగింది. సరుకు పడవలు తిరిగిన కాలువల్లో ఇప్పుడు పర్యాటకులు టికెట్ కొని తిరుగుతున్నారు.