తొంభై ఏడేళ్ళకు అందిన పతకం

ఈ వారం ఒక రైల్వే కూలీ కథ చెప్పుకుందాం.

అతని పేరు హెన్రీ జాన్సన్. అమెరికాలోని ఆల్బనీ స్టేషన్‌లో సామాన్లు మోసిన నల్లజాతి యువకుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో న్యూయార్క్ నల్లజాతి పటాలంలో చేరాడు. అదే 369వ రెజిమెంట్‌గా, 'హార్లెం హెల్‌ఫైటర్స్'గా పేరు పొందింది.

1918లో ఫ్రాన్స్‌లో దిగిన వాళ్ళకు మొదట ఇచ్చింది కూలి పనే. ఓడల్లో సరుకు దించారు, రైలు పట్టాలు వేశారు. తెల్ల సైనికుల పక్కన వీళ్ళను నిలబెట్టడం ఇష్టంలేని అమెరికా సైన్యం తర్వాత ఫ్రెంచి సైన్యానికి అప్పగించింది. వాళ్ళు 191 రోజులు యుద్ధరంగంలో ముందు వరుసలో ఉన్నారు.

ఆ ఏడాది మే నెలలో ఒక రాత్రి కాపలా కాస్తున్న జాన్సన్ మీద జర్మన్ దళం పడింది. తుపాకి పనిచేయకపోతే దాని మడమతో, తర్వాత కత్తితో పోరాడి, గాయపడిన తోటి సైనికుణ్ణి శత్రువుకు చిక్కకుండా కాపాడాడు. ఒంటిమీద 21 గాయాలు. ఫ్రాన్స్ పతకం ఇచ్చింది. సొంత దేశం మాత్రం అతను బతికుండగా ఏ పతకమూ ఇవ్వలేదు. 1929లో చనిపోయాడు.

2015లో అమెరికా అతనికి అత్యున్నత సైనిక పతకం ప్రకటించింది. నాటి సేనాధిపతి పెర్షింగ్ రాసిన పాత కాగితం ఒకటి దొరకడం అందుకు తోడ్పడింది. పతకం అందుకోవడానికి రక్తసంబంధీకులు లేక న్యూయార్క్ నేషనల్ గార్డు సైనికుడొకరు అందుకున్నారు. 2021లో రెజిమెంట్ మొత్తానికి కాంగ్రెస్ బంగారు పతకం ఇచ్చేందుకు చట్టం చేశారు.

ఆఫీసుల్లో ఫైళ్ళు చూసే మాకు ఆ కాగితమే గుర్తుండిపోయింది. చేసిన కష్టానికి రాత సాక్ష్యం ఉండాలి. మీ ఒప్పందం, జీతం చీటీల నకళ్ళు భద్రంగా దాచుకోండి.