గ్రంథాలయ పరిశోధన శిక్షణము: కృష్ణా మండలము

కళాశాల విద్యార్థి తనకు వలసిన విషయమును ఏ గ్రంథమున, ఏ భాగమున వెదకవలయునో ఎఱిగి, దొరకినదానిని ఇతరాధారములతో సరిచూచి, మూలమును పేర్కొని వినియోగించుకొను నేర్పును అలవఱచు బోధనమే గ్రంథాలయ పరిశోధన శిక్షణము. ఈ నేర్పునకు సమాచార అక్షరాస్యత యను వ్యవహారము 1974లో అమెరికాయందు పాల్ జుర్కోవ్‌స్కీ రచనతో వ్యాప్తికి వచ్చినది.

చరిత్ర: ముద్రణమునకు పూర్వము గ్రంథ పరిశీలనము గురుముఖముననే సాగెడిది. 1843లో మచిలీపట్టణమున నోబుల్ పాఠశాల స్థాపితమగుటతో ఈ ప్రాంతమున ఆంగ్లవిద్య వేళ్లూనెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ (నేటి విజయవాడ)లోని రామమోహన ధర్మ గ్రంథాలయమున, అయ్యంకి వెంకటరమణయ్యగారి అవిరళ కృషి ఫలితముగా, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. సంఘ భావములను 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక ఊరూరికిని చేర్చెను. 1919లో మదరాసున అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరుగుటకును అయ్యంకివారే ప్రేరకులు. 1920లో సంఘము బెజవాడయందే గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణ తరగతులు నడపెను. 1935లో పాతూరి నాగభూషణంగారి ఉద్యమ ఫలితముగా పెదపాలెము నుండి కాలువ మీదుగా పుస్తకములను పల్లెలకు కొనిపోవు నౌకా గ్రంథాలయము వెలసెను. పిదప వారు విజయవాడలో సర్వోత్తమ భవనమును నెలకొల్పి, తెలుగున గ్రంథాలయ శాస్త్ర శిక్షణము సాగించిరి. చదువరిని పుస్తకమునకును, పుస్తకమును చదువరికిని చేర్చుటయే విద్యయని నమ్మిన ఈ ఉద్యమకారుల సేవ చిరస్మరణీయము.

1926లో బెజవాడయందు కార్యాలయముతో ఆరంభమై, 1930లో వాల్తేరునకు తరలిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, గ్రంథాలయాధికారియు కవియునైన అబ్బూరి రామకృష్ణరావుగారి చొరవతో 1935లో గ్రంథాలయ శాస్త్ర డిప్లొమాను ప్రారంభించెను. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలము పొదుపు చేయవలెనన్నది. క్రొత్తగా చేరిన విద్యార్థులను గ్రంథాలయమునకు పరిచయము చేయుట అధికారి విధియని వారు ప్రతిపాదించిరి. ఈ ప్రాంతమున ఉన్నత విద్యాసంస్థలును పెరిగెను: 1937లో బెజవాడ ఎస్.ఆర్.ఆర్., సి.వి.ఆర్. కళాశాలయు, 1953లో ఆంధ్ర లయోలా కళాశాలయు, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమును ఏర్పడెను.

బోధనా విధానము: ఆంధ్రదేశ చరిత్రపై వ్యాసము వ్రాయవలసిన విద్యార్థిని మొదట గ్రంథముల కార్డులుండు పట్టిక పెట్టె యొద్దకు కొనిపోయెడివారు. కార్డుపై వర్గసంఖ్యయు, గ్రంథకర్త పేరును, గ్రంథనామమును చదువుట నేర్పి, డ్యూయీ వర్గీకరణ పద్ధతిలో 954.84 గల అలమారయొద్ద నిలిపి, గ్రంథము తీయించి, విషయసూచికను, చివరనున్న పదసూచికను, ఆధారగ్రంథ పట్టికను వరుసగా చూపెడివారు. ఒక గ్రంథపు ఆధారగ్రంథ పట్టిక మరికొన్ని గ్రంథములకు దారి చూపుననుట ఇచటి ముఖ్య పాఠము. తెలుగు సాహిత్యమునకు 894.827 సంఖ్య. కోలన్ అను వేఱొక వర్గీకరణ పద్ధతి ననుసరించు చోట్ల సంఖ్యలు వేఱైనను, వెదకు క్రమము మాఱదు.

ఇటీవలి కాలము: పట్టిక పెట్టెల స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ అను గ్రంథాలయ సమాచార జాలసంస్థ వారి ఎన్-లిస్ట్ పథకము చిన్న పట్టణముల కళాశాలలకును వేలకొలది ఎలక్ట్రానిక్ పత్రికలను అందించుచున్నది. 2018లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము రచనాచౌర్య నివారణ నిబంధనలను ప్రకటించుటతో, మూలమును పేర్కొనుట విధిగా మాఱినది. కాని అంతర్జాలమున క్షణములో వేయి ఫలితములు ప్రత్యక్షమగునపుడు, వ్రాసినవాడెవడు, ఎప్పుడు, ఏ ఆధారముతో వ్రాసెనను ప్రశ్న వేయుట నేర్పనిదే ఈ సౌకర్యము నిష్ఫలము.

ఆరంభదినములలో ఒక గంట చూపించి విడిచెడి పరిచయము చాలదు. గ్రంథాలయాధికారిని అధ్యాపకునిగా గుర్తించి, ఈ శిక్షణమును ప్రతి పట్టభద్ర తరగతి యందును అభ్యాసముతో కూడిన పాఠముగా నిలుపుట అవశ్యకర్తవ్యము.